విద్యార్థి దశలో పరిశోధన

ఇంజనీరింగు విద్యలో నాలుగవ సంవత్సరానికి ఒక ప్రత్యేకత ఉంది. మొదటి మూడు సంవత్సరాలూ విద్యార్థులు ఇతరులు కనుగొన్న విషయాలను నేర్చుకొంటారు. సమాధానం ముందే తెలిసిన లెక్కలు చేస్తారు. ఫలితం ముందే తెలిసిన ప్రయోగాలు చేసి, తమకు వచ్చిన విలువ ఆ ఫలితానికి దగ్గరగా ఉన్నదో లేదో చూసుకొని రికార్డు పుస్తకంలో వ్రాసుకొంటారు. నాలుగవ సంవత్సరంలో మాత్రం వారి చేతికి ఒక ప్రాజెక్టు వస్తుంది. సమాధానం ఎవరూ వ్రాసిపెట్టని ఒక ప్రశ్నను ఎన్నుకొని, కొన్ని నెలలపాటు దానితో పెనుగులాడి, తెలుసుకొన్నదాన్ని పదిమంది ముందు నిలబడి వివరించడమే ఈ ప్రాజెక్టు ఉద్దేశం.

ఈ ఉద్దేశం అన్నిచోట్లా నెరవేరడం లేదు. ప్రాజెక్టులను తయారుచేసి అమ్మే దుకాణాలు నగరాలలో వెలిశాయి. కొనితెచ్చిన నివేదికకు తమ పేర్లు తగిలించి, అట్టవేయించి, మౌఖిక పరీక్షకు ముందురోజు రాత్రి దానిని బట్టీపట్టే విద్యార్థులున్నారు. వారికి మార్కులు వస్తాయి, పట్టా వస్తుంది. అయితే తన ప్రశ్నకు తానే సమాధానం వెదుక్కొనే అవకాశం నాలుగేళ్ల చదువులో ఒక్కసారే వస్తే, ఆ ఒక్కటీ చేజారిపోతుంది. ఇందుకు విద్యార్థులను మాత్రమే నిందించడం న్యాయం కాదు. పరిశోధన అనేది పిహెచ్.డి. చేసేవారి పని అనీ, ఉద్యోగం కోసం చదివేవారికి దానితో నిమిత్తం లేదనీ ఇంటా బయటా ఒక అభిప్రాయం పాతుకుపోయింది. ఆ అభిప్రాయంలో నిజమెంతో కొందరు విద్యార్థుల అనుభవాలను పరిశీలిస్తే తెలుస్తుంది.

చిన్ననాటి చదువు విశాఖపట్నంలో సాగించిన చంద్రశేఖర వెంకట రామన్ మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుకొనే రోజులలో, స్పెక్ట్రోమీటరుతో పట్టకపు కోణాన్ని కొలుస్తూ కాంతి పట్టీల అమరికలో ఒక వింతను గమనించాడు. విద్యార్థులు ఈనాటికీ చేసే ప్రయోగమే అది. కోణం విలువ వ్రాసుకొని లేచిపోతే ఆ ప్రయోగం అక్కడితో ముగిసేది. రామన్ అలా లేచిపోలేదు. ఆ పట్టీలను గురించి ఆయన వ్రాసిన పత్రం 1906 నవంబరులో లండన్ నుండి వెలువడే ‘ఫిలసాఫికల్ మ్యాగజైన్’లో అచ్చయింది. అప్పటికి ఆయన వయస్సు 18 సంవత్సరాలు.

ఇంజనీరింగు రంగం నుండే ఉదాహరణ కావాలంటే క్లాడ్ షానన్‌ను చెప్పుకోవాలి. ఆయన 1936లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయం నుండి ఎలక్ట్రికల్ ఇంజనీరింగులోను, గణితంలోను పట్టా పొంది, మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో పరిశోధన సహాయకుడిగా చేరాడు. అక్కడ ఒక పెద్ద గణన యంత్రాన్ని చూసుకోవడం ఆయన పని. ఆ యంత్రాన్ని నడిపే వలయంలో వందకు పైగా రిలేలు ఉండేవి. రిలే అంటే విద్యుత్తుతో తెరుచుకొని మూసుకొనే స్విచ్చు. అటువంటి వలయాలను ఆనాటి ఇంజనీర్లు ఎక్కువగా అనుభవంతో, ఊహతో నిర్మించేవారు. షానన్ మిషిగన్‌లో జార్జి బూల్ రూపొందించిన తర్క బీజగణితాన్ని చదివి ఉన్నాడు. నిజం, అబద్ధం అనే రెండు విలువలతో నడిచే ఆ గణితానికీ, తెరుచుకోవడం, మూసుకోవడం అనే రెండు స్థితులు మాత్రమే గల స్విచ్చుకూ ఉన్న పోలిక ఆయనకు స్ఫురించింది. రెండు స్విచ్చులను శ్రేణిలో కలిపితే రెండూ మూసుకొన్నప్పుడే విద్యుత్తు ప్రవహిస్తుంది. సమాంతరంగా కలిపితే ఏ ఒక్కటి మూసుకొన్నా ప్రవహిస్తుంది. తర్కంలోని ‘మరియు’, ‘లేదా’ అనే పదాలు తీగల కలయికలో ఆ విధంగా ప్రత్యక్షమయ్యాయి.

ఈ విషయాన్నే షానన్ 1937లో మాస్టర్స్ పట్టా కోసం సిద్ధాంత వ్యాసంగా వ్రాశాడు. అప్పటికి ఆయన వయస్సు 21 సంవత్సరాలు. 1938 జూన్‌లో అమెరికన్ ఎలక్ట్రికల్ ఇంజనీర్ల సంస్థ వాషింగ్టన్‌లో జరిపిన సదస్సులో దానిని సమర్పించాడు. ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రంలో తర్క ద్వారాలు అనే పేరుతో చదివే పాఠానికీ, కంప్యూటరు లోపలి వలయాలకూ ఆధారమైన ఆలోచన ఒక విద్యార్థి వ్యాసంలో ఈ విధంగా రూపుదిద్దుకొంది. బూల్ గ్రంథం 1854లోనే వెలువడింది. రిలేలు కూడా ఎంతో కాలంగా వాడుకలో ఉన్నాయి. రెండింటినీ ఒకే బల్లపై పెట్టి చూసినవాడు మాత్రం కొత్తగా చేరిన కుర్రవాడు!

మన దేశంలో ఇటువంటి ఉదంతం ఇంకా ఆసక్తికరమైనది ఒకటి ఉంది. కాన్పూరు ఐ.ఐ.టి.లో నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా అనే ఇద్దరు విద్యార్థులు 2002లో కంప్యూటర్ సైన్సులో బి.టెక్. పూర్తిచేశారు. వారు తమ ప్రాజెక్టుకు తీసుకొన్న అంశం ప్రధాన సంఖ్యల పరీక్ష. ఒక పెద్ద సంఖ్యను ఇస్తే అది ప్రధాన సంఖ్య అవునో కాదో తక్కువ కాలంలో, ఏ సందేహానికీ తావులేకుండా తేల్చిచెప్పే పద్ధతి ఉందా అన్నది ప్రశ్న. ఇది గణితంలో చాలా పాత ప్రశ్న. వేగంగా చెప్పే పద్ధతులు అంతకు ముందే ఉన్నాయి. అయితే వాటిలో కొన్ని అతి స్వల్పంగానైనా పొరపాటుకు అవకాశమిచ్చేవి. మరికొన్ని ఇంకా నిరూపణ కాని ఊహలపై ఆధారపడేవి. పొరపాటుకు తావులేని పద్ధతులేమో సంఖ్య పెరిగేకొద్దీ మరీ ఎక్కువ కాలం తీసుకొనేవి.

వీరి పద్ధతికి మూలం ఇంటర్మీడియట్ విద్యార్థులు చదివే ద్విపద సిద్ధాంతంలోనే ఉంది. ఒక ద్విపదను 5వ ఘాతానికి విస్తరిస్తే గుణకాలు 1, 5, 10, 10, 5, 1 అవుతాయి. మొదటి, చివరి గుణకాలను విడిచిపెడితే మిగిలినవన్నీ 5తో నిశ్శేషంగా భాగింపబడతాయి. 4వ ఘాతానికి విస్తరిస్తే 1, 4, 6, 4, 1 వస్తాయి. వీటిలో 6ను 4 భాగించదు. 6వ ఘాతంలో 15 అనే గుణకం ఉంది. దానిని 6 భాగించదు. ఘాతం ప్రధాన సంఖ్య అయితే మధ్య గుణకాలన్నీ దానితో భాగింపబడతాయి, కాకపోతే కనీసం ఒక్కటైనా మొరాయిస్తుంది. పరీక్ష దొరికినట్లే ఉంది గాని, వంద అంకెలున్న సంఖ్యకు గుణకాలన్నిటినీ వ్రాసి చూడాలంటే ఎన్ని యుగాలైనా చాలవు. కావున విస్తరణను పూర్తిగా వ్రాయకుండా, దానిని మరొక చిన్న బహుపదితో భాగించి శేషాన్ని మాత్రమే పరిశీలించాలి. అలా చేసినప్పుడు పరీక్ష బలం తగ్గిపోకుండా ఉండాలంటే ఆ బహుపది ఎంత చిన్నది కావచ్చు? ఎన్ని ద్విపదలను పరీక్షిస్తే చాలు? చిక్కంతా ఇక్కడే ఉంది.

ఈ మార్గం ఆ ఇద్దరితోనే మొదలు కాలేదు. వారి ఆచార్యుడు మణీంద్ర అగ్రవాల్, సోమనాథ్ బిశ్వాస్‌తో కలిసి 1999లో ఇటువంటి పరీక్షను ప్రతిపాదించాడు. 2001లో రజత్ భట్టాచార్జీ, ప్రశాంత్ పాండే అనే బి.టెక్. విద్యార్థులు తమ ప్రాజెక్టులో దానిని మరికొంత దూరం తీసుకుపోయారు. వారు ఆపిన చోట కయాల్, సక్సేనా మొదలుపెట్టారు. అంటే ఒక సంవత్సరపు ప్రాజెక్టు నివేదిక మరుసటి సంవత్సరపు విద్యార్థులకు ఆరంభమైందన్నమాట. కళాశాలల అలమరలలో దుమ్ము పేరుకొంటున్న వేలాది నివేదికలను చూసినప్పుడు ఈ సంగతి గుర్తుకు రావలసినదే. 2002 ఏప్రిల్ నాటికి వారి బి.టెక్. నివేదిక సిద్ధమైంది. సమస్య మాత్రం అప్పటికి పూర్తిగా తీరలేదు. పట్టా చేతికి వచ్చింది కదా అని వారు దానిని వదిలిపెట్టలేదు. ఆ వేసవిలోనే పిహెచ్.డి. విద్యార్థులుగా చేరి అగ్రవాల్‌తో కలిసి పనిచేశారు. జూలైలో నిరూపణ పూర్తి అయింది.

ఆ తరువాత జరిగినది కూడా గమనింపదగినది. 2002 ఆగస్టు మొదటి వారంలో ముగ్గురూ తమ పత్రాన్ని ప్రపంచంలోని ప్రముఖ నిపుణులకు పంపి, ఇంటర్నెట్‌లో అందరికీ అందుబాటులో ఉంచారు. తప్పు ఉంటే పట్టుకొమ్మని పోటీదారులకే అప్పగించడం వంటిది ఇది. కొద్ది రోజులలోనే నిరూపణ సరైనదని నిపుణులు ధ్రువీకరించారు. హెండ్రిక్ లెన్‌స్ట్రా అనే గణితవేత్త దానిలోని ఒక కఠినమైన మెట్టును సులభతరం చేశాడు. 2004లో ఆ పత్రం ‘ఆనల్స్ ఆఫ్ మాథమాటిక్స్’ అనే పత్రికలో అచ్చయింది. 2006లో ఆ ముగ్గురికీ గోడెల్ బహుమతి, ఫుల్కర్సన్ బహుమతి లభించాయి.

ప్రతి విద్యార్థికీ ఇంతటి ఫలితం దక్కదు. ఆ మాట మరుగుపరచనవసరం లేదు. బి.టెక్. ప్రాజెక్టులలో అధిక భాగం చిన్న విషయాలనే తేలుస్తాయి. ఒక ఊరి చెరువు నీటిలో ఫ్లోరైడు ఏ నెలలో ఎంత ఉన్నది, బూడిద కలిపిన ఇటుక ఎంత బరువు మోస్తుంది, వ్యవసాయ మోటారు తక్కువ వోల్టేజీలో ఎందుకు కాలిపోతుంది వంటి ప్రశ్నలు చిన్నవే. వాటికి సమాధానం పుస్తకంలో దొరకదు. వెళ్లి కొలవాలి. కొలిచిన విలువ ఊహించిన దానికి భిన్నంగా వస్తే, పరికరం తప్పా, పద్ధతి తప్పా, ఊహే తప్పా అని తేల్చుకోవాలి. రికార్డు పుస్తకపు అలవాటు ప్రకారం అంకెలను సరిదిద్దుకొంటే పరిశోధన అక్కడే ఆగిపోతుంది.

తెలుసుకొన్నదాన్ని సభలో సమర్పించడం పరిశోధనకు అలంకారం వంటిదని చాలామంది భావిస్తారు. నిజానికి అది పరిశోధనలో ఒక భాగం. మన శాస్త్ర సంప్రదాయంలో సిద్ధాంతాన్ని చెప్పడానికి ముందు పూర్వపక్షాన్ని వివరించాలనే నియమం ఉండేది. ఎదుటివారి వాదాన్ని వారికంటె బాగా చెప్పి, ఆ తరువాతనే దానిని ఖండించాలి. నేటి పరిశోధన పత్రంలో అంతకు ముందు జరిగిన కృషిని సమీక్షించే భాగానికి ఉన్న ప్రయోజనం కూడ అటువంటిదే. తెలుగువారికి అవధానం చిరపరిచితమైన కళ. అవధానిని పృచ్ఛకులు ప్రశ్నలతో చుట్టుముడతారు. పరిశోధన సభలోనూ పృచ్ఛకులుంటారు, కాని అక్కడ ప్రశ్నలు ధారణను పరీక్షించడానికి కాదు. ఒంటరిగా పనిచేసినవారికి కనిపించని లోపం పదిమంది దృష్టికి కనిపిస్తుందన్నదే ఆ ఏర్పాటులోని అంతరార్థం. నెలల తరబడి కుదరని లెక్కకు వెనుక వరుసలో కూర్చున్న అపరిచితుడు వేసిన ఒక్క ప్రశ్నతో దారి దొరకడం పరిశోధకులకు కొత్త కాదు.

సమర్పణకు సాధారణంగా పది, పదిహేను నిమిషాల వ్యవధి ఇస్తారు. ఆ కొద్ది కాలంలో తాను వేసుకొన్న ప్రశ్న ఏది, ఇంతవరకు ఇతరులు ఏమి చెప్పారు, తాను ఏమి చేశాడు, ఏమి తేలింది, ఏది తేలలేదు అన్నవి చెప్పాలి. విద్యార్థులు చివరి అంశాన్ని దాటవేయాలని చూస్తారు. పరిణతి చెందిన శ్రోతలు ముందుగా దానినే వెదుకుతారు. కొన్ని సదస్సులలో ఉపన్యాసానికి బదులు ఒక పెద్ద పటంపై తమ పనిని ప్రదర్శించి, వచ్చిపోయేవారికి వివరించే ఏర్పాటు ఉంటుంది. సభాపిరికితనం గలవారికి ఇది మంచి తొలిమెట్టు. పత్రికకు పంపిన వ్యాసాన్ని సంపాదకుడు ఆ రంగంలోని ఇద్దరు ముగ్గురు నిపుణుల పరిశీలనకు పంపుతాడు. మొదటిసారి తిరిగివచ్చే వ్యాసాలే ఎక్కువ. వాటితోపాటు వచ్చే విమర్శలు ఉచితంగా లభించే పాఠాలు. డబ్బు చెల్లించినవారి వ్యాసాన్నల్లా ఏ పరిశీలనా లేకుండా అచ్చువేసే పత్రికలు కూడా ఈ మధ్యకాలంలో పుట్టుకొచ్చాయి. వాటిలో అచ్చయిన వ్యాసం కొనుక్కొన్న ప్రాజెక్టుకు సోదరి వంటిది.

గ్రామీణ ప్రాంతాల నుండి, తెలుగు మాధ్యమం నుండి వచ్చిన విద్యార్థులను వెనుకకు లాగే మరొక కారణం ఆంగ్లభాష పట్ల భయం. విషయం తెలిసినా, తప్పు మాట్లాడతామేమోనన్న బెరుకుతో వారు సదస్సులలో నోరు విప్పరు. ఇది చిన్న నష్టం కాదు. పొలాన్నీ, మగ్గాన్నీ, కమ్మరి కొలిమినీ దగ్గరగా చూసినవారి ప్రశ్నలు సభకు చేరకుండానే పోతున్నాయి. ఇటువంటి విద్యార్థులు తమ పనిని ముందుగా తోటి విద్యార్థులకు తెలుగులోనే వివరించి చూడటం మేలు. మాతృభాషలో తడుముకొన్న చోట లోపం భాషది కాదు, అవగాహనది. అక్కడ సరిదిద్దుకొన్న తరువాత ఆంగ్లంలో చెప్పవలసినవి చిన్న చిన్న వాక్యాలే. అధ్యాపకులు కూడా మొదటి ప్రదర్శనలో ఉచ్చారణను గాక విషయాన్ని పట్టించుకోవాలి. వేసవి సెలవులలో విద్యార్థులకు రెండు నెలలపాటు శాస్త్రవేత్తల వద్ద పనిచేసే అవకాశాన్ని దేశంలోని మూడు విజ్ఞానశాస్త్ర అకాడమీలు కలిసి కల్పిస్తున్నాయి. హైదరాబాదులోని ట్రిపుల్ ఐ.టి.లో బి.టెక్.తోపాటు పరిశోధనతో కూడిన ఎం.ఎస్. పట్టా పొందే కోర్సు ఉంది. ఇటువంటి అవకాశాల సమాచారం చిన్న పట్టణాల కళాశాలలకు ఆలస్యంగా చేరుతున్నది.

విద్యార్థి ప్రశ్నకు విలువ ఎంత అన్నదానికి న్యూయార్క్ నగరంలోని సిటీకార్ప్ భవనం కథ సాక్ష్యం. 59 అంతస్తుల ఆ భవనం 1977లో పూర్తయింది. స్థలంలో ఒక మూల చర్చి ఉండటంవల్ల భవనాన్ని నిలిపే స్తంభాలను నాలుగు మూలలలో గాక నాలుగు భుజాల మధ్యభాగంలో నిర్మించారు. దీనిని రూపొందించిన ఇంజనీరు విలియం లె మెషురియర్. ఈ భవనం గురించి 1978లో ఒక ఇంజనీరింగు విద్యార్థి ఫోనులో అడిగిన ప్రశ్న తనను తిరిగి ఆలోచింపజేసిందని ఆయన తరువాత చెప్పాడు. గోడకు ఎదురుగా వీచే గాలికే గాక, మూల మీదుగా ఏటవాలుగా వీచే గాలికి కూడా ఆయన లెక్కలు మళ్లీ వేశాడు. కొన్ని ఉక్కు దూలాలపై ఒత్తిడి 40 శాతం పెరుగుతున్నదని తేలింది. అంతకు ముందే అతుకులను వెల్డింగుకు బదులు బోల్టులతో బిగించారని ఆయనకు తెలిసి ఉంది. పెద్ద తుఫాను వస్తే భవనం నిలవకపోవచ్చునని ఆయన నిర్ణయానికి వచ్చాడు. ఆ ఏడాది రాత్రివేళల్లో, ఉద్యోగులు వెళ్లిపోయిన తరువాత, అతుకులపై దళసరి ఉక్కు పలకలను వెల్డింగు చేయించారు. ఈ సంగతి 1995 వరకు ప్రజలకు తెలియదు. అడిగినవారు ఇంకా పట్టా పుచ్చుకోని విద్యార్థి కదా అని ఆ ఇంజనీరు ఫోను పెట్టేయలేదు. ఆ ప్రశ్న అడగకపోయినా, అడిగినప్పుడు వినకపోయినా ఏమి జరిగి ఉండేదో ఊహించడానికే భయం కలుగుతుంది.

సదస్సులకు విద్యార్థులు వక్తలుగానే వెళ్లాలన్న నియమం లేదు. 2007 సెప్టెంబరులో హైదరాబాదులో అంతర్జాతీయ వ్యోమయాన మహాసభ జరిగింది. దేశదేశాల శాస్త్రవేత్తలు పాల్గొన్న ఆ సభకు కొందరు ఇంజనీరింగు విద్యార్థులు కూడా హాజరయ్యారు. ఇతర దేశాలలో విద్యార్థులే చిన్న ఉపగ్రహాలను నిర్మిస్తున్నారన్న సంగతి వారిని ఆకట్టుకొంది. మనమెందుకు చేయకూడదన్న ఆలోచన కలిగింది. కర్ణాటక, అప్పటి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాలలోని ఏడు ఇంజనీరింగు కళాశాలల విద్యార్థులు ఒక బృందంగా ఏర్పడ్డారు. ఇస్రో శాస్త్రవేత్తలు మార్గదర్శనం చేశారు. పగలు తరగతులు, రాత్రి ఉపగ్రహం. పరీక్షలు దగ్గర పడినప్పుడు పని ఎంతగా నలిగి ఉంటుందో చెప్పనక్కరలేదు. పైగా సీనియర్లు పట్టా పుచ్చుకొని వెళ్లిపోతే పని మధ్యలో జూనియర్ల చేతికి వస్తుంది. అందువల్ల ఎవరు ఏమి చేశారో, ఎందుకు చేశారో వ్రాసిపెట్టక తప్పదు.

స్టడ్‌శాట్ అని పేరు పెట్టిన ఆ ఉపగ్రహం బరువు ఒక కిలో కంటె తక్కువ. అరచేతిలో పట్టుకోదగిన ఆ పెట్టెలో సౌరఫలకాలు, బ్యాటరీ, భూమిని చిత్రించే చిన్న కెమెరా, సంకేతాలు పంపే పరికరం ఇమిడి ఉన్నాయి. 2010 జూలై 12న శ్రీహరికోట నుండి బయలుదేరిన పి.ఎస్.ఎల్.వి. రాకెట్టు కార్టోశాట్-2బి అనే పెద్ద ఉపగ్రహంతోపాటు దీనిని కూడా సుమారు 630 కిలోమీటర్ల ఎత్తున కక్ష్యలో ప్రవేశపెట్టింది. బెంగుళూరులోని ఒక కళాశాలలో నెలకొల్పిన భూకేంద్రంలో విద్యార్థులు రేడియో ముందు కూర్చొని ఎదురుచూశారు. ఆనాడే దాని సంకేతం వినిపించింది.